జోగయ్య నెట్టిన బండి

పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఎవరో బండి సెల్ఫ్ నొక్కుతున్నారు. టిక్కు, టిక్కు, టిక్కు. ఇంజను తిరగదు, ఆ మనిషి వేలు తీయడు. రెండో అంతస్తులో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నాకు ఆ చప్పుడు వింటుంటే పళ్లు జివ్వుమన్నాయి. ఇక ఉండబట్టలేక లుంగీ మీదే కిందికి దిగి, "ముందు ఆ వేలు తియ్యండి సార్" అన్నాను. పక్క ఫ్లాటు బ్యాంకు ఉద్యోగి, పాపం, బిత్తరపోయాడు. హెడ్‌లైటు వెయ్యమన్నాను, వేశాడు. ఇప్పుడు నొక్కమన్నాను. నొక్కగానే లైటు గుడ్డిదీపంలా కుంగిపోయింది. "బ్యాటరీ అయినా అయి ఉండాలి, దాని వైర్లయినా వదులై ఉండాలి. మిగతావి విప్పించకండి" అని చెప్పి మెట్లెక్కుతుంటే, "మీరు మెకానిక్కా?" అని వెనకనుంచి అడిగాడు. కాదు. నేను ఖమ్మంలో ఆరోగ్యశాఖ ఉద్యోగిని. నాకు ఈ విద్య నేర్పినామె కూడా మెకానిక్కు కాదు, నర్సు. ఆమె పేరు తలచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ముందు భయం, ఆ తర్వాత సిగ్గు, చివరికి ఎప్పుడో ప్రేమ కలుగుతాయి. ఆ వరుస మాత్రం మారదు.

మార్తమ్మ మేడం. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను కొత్తగా చేరినప్పుడు ఆమె మాకు సూపర్‌వైజరు. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు అయి ఉంటుంది. అప్పటికి అక్కడ సెల్‌ఫోను పలికేది కాదు, పిలిస్తే వచ్చే అంబులెన్సూ లేదు. గూడేలు తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి మలేరియా పరీక్షకు గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకురావడం నా పని. నేను నిజంగా తిరుగుతున్నానా, లేక ఎక్కడో నీడన కూర్చుని రిజిస్టరు నింపుతున్నానా అని చూడడం ఆమె పని. యాభై దాటిన పొట్టి మనిషి. చేతికి మగవాళ్ల గడియారం. మాట్లాడేది తక్కువ, మాట్లాడిందంతా కారం. ఆ గడియారం ఆమె భర్తది. ఆయన పాల్వంచలో ఎలక్ట్రీషియనుగా చేసి, గుండె ఆగి పోయాడు. వారపు సెలవు రోజున క్వార్టరు ముందు తోటివాళ్ల బండ్లు విప్పుకుని కూర్చునేవాడట. "ఆయన విప్పుతుండె, నేను బల్బు పట్టుకుని నిలబడుతుంటి. పదహారేండ్లు నిలబడ్డ. రాక ఏం జేస్తది?" అని ఒకసారి చెప్పింది. ఆ బల్బు ఇప్పుడు ఆమె సంచిలో ఉండేది. ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు అతికించి చేసిన చిన్న వస్తువు. కరెంటు ఎక్కడిదాకా వస్తోందో అది వెలిగి చెబుతుంది. థర్మామీటరు, దూది, స్పిరిటు సీసా, స్క్రూడ్రైవరు, ఆ బల్బు, అన్నీ ఒకే సంచిలో.

నాకప్పుడు సెల్ఫ్ స్టార్టు ఉన్న కొత్త బండి ఉండేది. చుట్టుపక్కల అందరివీ కిక్కు కొట్టే బండ్లే కావడంతో, బొటనవేలితో బండి స్టార్ట్ చేయడం నాకు కొంచెం గర్వంగా ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది. ఒక వానాకాలం అది మొరాయించింది. పాల్వంచ పోయి బ్యాటరీ మార్పించాను. రెండు రోజులు మాట విని మూడో రోజు మళ్లీ మొండికేసింది. కేంద్రం ముందు నిలబడి వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను, బండిని తిట్టాను, బ్యాటరీ ఇచ్చినవాణ్ణి తిట్టాను. మేడం ఒక స్టూలు తెచ్చుకుని బండి పక్కన కూర్చుంది.

"జ్వరమొచ్చినోడు వస్తె నువ్వు ఫస్టు ఏం జేస్తవ్ శీనూ? సూది గుచ్చుతవా?"

"లేదు మేడం. ఎన్ని దినాల నుంచి అని అడుగుత."

"మరి దీన్ని అడిగినవా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది, ఆగినప్పుడు తడిసి ఉందా ఎండలో ఉందా, ఆఖరిసారి దీని మీద ఎవరు చెయ్యి పెట్టారు, ఏం చేశారు అని వరసగా అడిగింది. ఆ తర్వాతే హెడ్‌లైటు వేసి సెల్ఫ్ నొక్కమంది. లైటు కుంగితే కరెంటు మోటారుదాకా పోతోంది గానీ దానికి బలం చాలడం లేదు. లైటు కుంగకుండా అట్లాగే నిలబడితే కరెంటు అసలు అటు పోవడమే లేదు, అప్పుడు బ్యాటరీని వదిలేసి స్విచ్చిల వైపు చూడాలి. ఆ రోజు లైటు కుంగింది. కొత్త బ్యాటరీకి బలం లేకపోవడమేమిటని ఆమె బ్యాటరీ నుంచి బండి ఇనుముకు పోయే నల్లవైరును వేలితో తడుముతూ పోయింది. చివర బోల్టు కింద తుప్పు. "కరెంటు పోయే తొవ్వ అందరు చూస్తరు. అది తిరిగొచ్చే తొవ్వ ఎవ్వరు చూడరు" అని గొణుక్కుంటూ గీకి బిగించింది. బండి స్టార్టయ్యింది. నేను పొంగిపోయి ఏదో పొగడబోతే, రాసిపెట్టుకోమంది. నిజంగానే రాసుకున్నాను.

ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకసారి వర్షానికి బద్ధకించి, పోని గూడేనికి పోయినట్టు రిజిస్టరులో రాశాను. నాలుగు రోజులకు ఆమె ఒక్కతే ఆ గూడేనికి నడిచిపోయి వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద. నా మీద అరుస్తుందని కాచుకుని కూర్చున్నాను. రిజిస్టరు నా ముందు పెట్టి, "అది కొట్టేసి, పోలేదని రాయి" అంది.

"పోలేదని రాస్తె ఏమైతది మేడం? నాకు మెమో వస్తది."

"పోలేదని తెలుస్తది. ఎవరో ఒకరు పోతరు."

అంతే. మెమో వచ్చింది కూడా. ఆమెకు నేనంటే ఇష్టం లేదని నెలరోజులు కుమిలిపోయాను. ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి అంతకంటే లోతుగా ఏం తడుతుంది?

ఆ ఏడు దసరాకు బండిని వాగులో కడిగి కేంద్రం ఆవరణలో పూజ పెట్టుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిలుకు బంతిపూల దండ, పళ్లెంలో తడిపిన పసుపు, కుంకుమ. ట్యాంకుకు, లైటుకు, మీటరుకు బొట్లు పెట్టి, ఆఖరికి సెల్ఫ్ బటనుకు, దాని పైన ఇంజను ఆపే ఎర్ర స్విచ్చికి వచ్చాను. బండి గొప్పతనమంతా అక్కడే ఉందని నా లెక్క. అందుకే అక్కడ ధారాళంగా పెడుతున్నాను. అటుగా పోతున్న మేడం ఆగింది.

"బొట్లు పెట్టుకో, మంచిగుంది. ఆ స్విచ్చిల మీద మాత్రం తడి పసుపు పెట్టకు. సందుల నుంచి లోపలికి దిగుతది."

ఆమె ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. ఆ మాట నాకు కరెంటు గురించి చెప్పినట్టుగా వినపడలేదు, మన పూజను తప్పు పట్టినట్టుగా వినపడింది. "ఇది మా పూజ మేడం. గియ్యన్ని మీకు తెల్వయ్" అన్నాను. పక్కన ఇద్దరు ముగ్గురు ఉన్నారు కూడా. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "అవ్, నాకేం తెలుస్తది" అని వెళ్లిపోయింది. నేనూరుకున్నానా? పంతం కొద్దీ ఇంకో ముద్ద తీసుకుని ఆ ఎర్ర స్విచ్చి మీద బొటనవేలితో ఒత్తి మరీ పెట్టాను. మధ్యాహ్నం కొబ్బరి ముక్క ఇస్తే ఏ కోపమూ లేకుండా తీసుకుని తింది. అది చూసి నేనే గెలిచాననుకున్నాను.

పండుగ పోయిన పది పన్నెండు రోజులకు, ఉదయం పూట, వాగవతలి గూడెం నుంచి జోగయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతనిది కోయ గూడెం. పోడు చేసుకుంటూ, తునికాకు కాలంలో ఆకు కోసుకుంటూ బతికే మనిషి. ఆరేళ్ల కూతురు, సమ్మక్క అని పేరు, ఇంట్లో సమ్మి అనేవాళ్లు. మూడు రోజులుగా జ్వరం, తెల్లవారి నుంచి ఫిట్లు. డాక్టరు ఆ రోజు మీటింగుకు భద్రాచలం పోయి ఉన్నాడు. మేడం సంచి భుజాన వేసుకుని నా వెనక కూర్చుంది, జోగయ్య అడ్డదారిన పరుగెత్తాడు. గుడిసె ముందు బండి ఆపి, తాళంచెవి తిప్పే తీరిక కూడా లేనట్టు ఆ ఎర్ర స్విచ్చి నొక్కి ఇంజను ఆపాను. నాకది అలవాటు, అట్లా ఆపడం దర్జాగా ఉంటుందని. పాప చాప మీద కళ్లు పైకి తిరిగి ఉంది. మేడం ముట్టుకుని చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం మొదలుపెట్టింది. "జ్వరం తలకెక్కింది. బాటిలు ఎక్కియ్యాలె. పాల్వంచ పెద్ద దవాఖానాకు పోవాలె, జల్దీ బండి తియ్యి" అంది.

ఎర్ర స్విచ్చి మళ్లీ వెనక్కి వేసి సెల్ఫ్ నొక్కాను. ఏమీ లేదు. టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. కిక్కు కొట్టాను, పదిసార్లు, ఇరవైసార్లు. లేదు. రాసిపెట్టుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. "బ్యాటరీ పోయింది, నెట్టాలె" అన్నాను. అప్పటికే అడ్డదారిన వచ్చేసిన జోగయ్య వెనక చెయ్యి వేసి నెట్టాడు. గుడిసెల దగ్గర నుంచి వాగుదాకా దారి పల్లం, కానీ తడి ఇసుక. వాగు దగ్గర ఆగిపోయేవాళ్లం, మళ్లీ పైదాకా తోసుకొచ్చేవాళ్లం. ఇద్దరు మనుషులు సాయం వచ్చి, రెండు తడవలకు ఆయాసపడి కూర్చుండిపోయారు. అతను కూర్చోలేదు. నేను గేరు వేసి క్లచ్చి వదలడం, చక్రం ఇసుకలో జారడం, నేను అరవడం. "గట్టిగ నెట్టు జోగన్నా! ఇంకా గట్టిగ! నువ్వు సరిగ్గ నెడ్తలేవ్!" ఆ మాటలు అన్నది నేనే. అరగంట పైనే అయి ఉంటుంది.

ఇంజను చప్పుడు ఎంతకీ రాకపోయేసరికి మేడం గుడిసెలోంచి బయటికి వచ్చింది. "ఆపుర్రి" అంది. నా దగ్గరికి వచ్చి, "లైటేసి నొక్కినవా?" అని అడిగింది. లైటు వేసి నొక్కాను. లైటు ఇసుమంతైనా కుంగలేదు, నిండుగా వెలుగుతూ నా ముఖం మీదే చెప్పినట్టుగా ఉంది. బ్యాటరీకి ఏమీ కాలేదు. కరెంటు స్విచ్చి దగ్గరే ఆగిపోయింది. అది ఆగినంతసేపూ ఎంత నెట్టినా ఇంజనులో నిప్పు పుట్టదు. మేడం వంగి ఆ ఎర్ర స్విచ్చి సందు చూసింది. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి రెండు మరలు విప్పింది. లోపల పసుపు, కుంకుమ కలిసి గట్టిపడి, ఇత్తడి రేకుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. సూదికి ముందు చేతికి రాసే స్పిరిటు దూదితోనే దాన్ని తుడిచింది, స్క్రూడ్రైవరు మొనతో గీకింది, నోటితో ఊది ఆరబెట్టింది, మరలు బిగించింది. అయిదు నిమిషాలు పట్టలేదు. నొక్కితే మొదటిసారికే బండి పలికింది. జోగయ్య అప్పటికి కాస్త దూరంగా, వాగు ఒడ్డున, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని తల వంచి వగరుస్తున్నాడు. ఏం విప్పారో, లోపల ఏముందో అతను చూడలేదు.

నేను, నా వెనక పాపను ఒళ్లో పెట్టుకున్న తల్లి, చివర మేడం. అడవి దాటి తారు రోడ్డెక్కి పాల్వంచ చేరాం. బాటిలు ఎక్కించారు, సూదులు వేశారు. సాయంత్రానికి సమ్మి పోయింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరును వరండాలో పట్టుకుని, "అరగంట ముందు తెస్తే బతికేదా సార్?" అని అడిగాను. అతను నిజాయితీపరుడు. "చెప్పలేం" అన్నాడు. నేను ఆ ఒక్క మాటను గట్టిగా పట్టుకున్నాను. చెప్పలేం అన్నాడు కదా, నా వల్లేనని అనలేదు కదా అని నన్ను నేను చాలా రోజులు సముదాయించుకున్నాను. మేడం బెంచీ మీద ఆ తల్లి తల తన భుజానికి ఆనించుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "బండి ఎందుకు ఆగిందో జోగయ్యకు చెప్పాలె" అంది.

"ఇప్పుడా మేడం?"

"ఇప్పుడు గాదు. గని చెప్పాలె. నువ్వే చెప్పాలె."

నేను చెప్పలేదు. వారం, రెండు వారాలు, నెల. వాళ్లు కొడతారేమోనని భయం, ఉద్యోగం పోతుందేమోనని భయం. 'నేను ఆనాడే చెప్పినా' అని మేడం అంటుందేమోనని రోజూ ఎదురుచూశాను. అని ఉంటే నేను కూడా నాలుగు మాటలు అని తేలికపడేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు గూడెం నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "జోగయ్య చేను మొఖం చూస్తలేడంట. మంచం మీదనే ఉంటుండు. నా చేతుల్ల సత్తువ లేక బండి నెట్టలేకపోయిన, అందుకే బిడ్డ పోయింది అంటుండంట. ఆయన పెండ్లాం చెప్పి ఏడ్సింది" అంది. నా ముందున్న రిజిస్టరు పక్కకు జరిపి, "సరిగ్గ నెడ్తలేవని నువ్వే అన్నవంట గద" అంది.

"మీరు చెప్పుర్రి మేడం. మీరంటే వాళ్లకు గౌరవం" అన్నాను.

"నేను చెప్తె, తనను ఓదార్చనీకి ఏదో కల్పించి చెప్తున్న అనుకుంటడు. బండి నీది, పసుపు నువ్వు పెట్టినవ్. నువ్వు పోవాలె."

పోతానన్నాను. పోలేదు. ఆ గూడెం పని వచ్చినప్పుడల్లా వేరేవాళ్లను పంపేవాణ్ణి, ఆ రోజు నాకేదో ఒక పని తగిలేది. ఎండలు ముదరకముందే ఆమె రిటైరై పాల్వంచలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. పోయే రోజున స్క్రూడ్రైవరు, బల్బు ఉన్న సంచి నాకే ఇచ్చింది, జోగయ్య మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తలేదని సంతోషించాను. అంతటి వాణ్ణి నేను.

మళ్లీ వానలు పడేసరికి ఆమెకు షుగరు ముదిరి మూత్రపిండాలు పాడయ్యాయని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ముఖం ఉబ్బి, చేతులు మాత్రం చిక్కిపోయి, గడియారం వదులై మోచేతిదాకా జారుతోంది. మంచం పక్కన కూర్చోగానే అడిగింది.

"చెప్పినవా శీనూ?"

ఆమె ఉన్న స్థితి చూసి అబద్ధమాడానని చాలాకాలం అనుకున్నాను. అది కూడా అబద్ధమే. నా స్థితి కోసమే ఆడాను. "చెప్పిన మేడం" అన్నాను.

"ఏమన్నడు?"

ఏమంటాడో నేనెన్నడూ ఊహించి కూడా చూడలేదు. "ఏమనలే" అన్నాను. ఆమె నా ముఖంలోకి, ఆనాడు పూజ దగ్గర చూసినట్టే, ఒక్క క్షణం చూసింది. "సరే" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులకు పోయింది. సన్నటి వానలో చర్చి వాళ్ల శ్మశానంలో మట్టి వేశాం. అందరితోపాటు నేనూ పిడికెడు వేశాను. ఆమె నా అబద్ధం నమ్మిందో లేదో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.

మరుసటి రోజు పొద్దున బండి మీద పోకుండా నడిచి ఆ గూడేనికి వెళ్లాను. జోగయ్య గుడిసె ముందు వెదురు బద్దలు చీలుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. కుర్చీ లేక మంచం వాల్చబోతే వద్దని నేలమీదే కూర్చున్నాను. అంతా చెప్పాను. పసుపు సంగతి, మేడం వద్దన్న సంగతి, నేను పంతానికి పోయిన సంగతి, లైటు వేసి చూడని సంగతి, స్విచ్చి లోపల ఉన్నది. అతను కత్తి పక్కన పెట్టి విన్నాడు. కొడతాడనే అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"అయితె, నేను గట్టిగనే నెట్టిన్నా సారూ?" అన్నాడు.

"గట్టిగనే నెట్టినవ్ జోగన్నా. నువ్వు గాదు, పదిమంది నెట్టినా అది స్టార్టయ్యేది గాదు."

అతను లోపలికి చూస్తూ కోయలో భార్యను పిలిచి ఏదో చెప్పాడు. ఆమె గడపలో నిలబడి విని, నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. అతను నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే సారూ?"

భయపడి చెప్పలేదన్నాను. అతను తల ఊపి మళ్లీ కత్తి అందుకున్నాడు.

తర్వాత నేను చాలాచోట్ల పనిచేశాను. ఇప్పుడు నా కింద పదిమంది ఉన్నారు. నా వల్ల తప్పు జరిగితే అదే రోజు, ఎవరికి చెప్పాలో వాళ్లకు, నా నోటితోనే చెబుతాను. మా ఆఫీసులో నన్ను సత్యసంధుడంటూ ఎగతాళి చేస్తారు. అది సత్యసంధత కాదు, జోగయ్య అడిగిన ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినాల్సి వస్తుందనే భయం. సమ్మి చావుకు కారణం నేనో కాదో చెప్పలేమని డాక్టరు అన్నాడు, మేడం కూడా నన్ను ఏనాడూ ఆ మాట అనలేదు. కానీ బిడ్డను తన చేతకానితనమే చంపిందని నమ్ముతూ ఆ తండ్రి మంచం మీద గడిపిన దాదాపు ఏడాది కాలం ఒకటి ఉంది. దానికి కారణమెవరో ఏ డాక్టరునూ అడగనక్కర్లేదు. నేనే.